బైబిలులో మరుగున సాగే పరిచర్య: తెలుగు నేలపై దాని జాడ

ఎవరి కంటా పడకుండా, మెప్పు కోరకుండా చేసే సేవకు బైబిలు పెద్దపీట వేస్తుంది. పాత నిబంధనలో మంత్రసానులు, గుడారం మోసే లేవీయులు మొదలుకొని, కొత్త నిబంధనలో రెండు కాసులు వేసిన విధవరాలు, బట్టలు కుట్టిన దొర్కా, పౌలు చెబుతుంటే ఉత్తరం రాసిపెట్టిన తెర్తియు వరకు ఈ కోవకు చెందినవారు ఎందరో. తెలుగువారికి సంబంధించినంతవరకు ఈ బోధకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ 19వ శతాబ్దంలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో ఊరూరా నడిచిన బైబిలు స్త్రీలు, పల్లె ఉపదేశులు.

ఈ బోధలో రెండు పాయలున్నాయి. సేవ చేసినవాళ్ళు దాన్ని చాటుకోకూడదన్నది మొదటిది. సేవ పొందినవాళ్ళు దాన్ని మరవకూడదన్నది రెండోది. మొదటిదాని మీద ప్రసంగాలు ప్రతి ఆదివారం వినబడుతూనే ఉంటాయి. రెండోది గ్రంథంలో అంతే గట్టిగా ఉన్నా సంఘాల ఆచరణలో వెనకబడిపోయింది. ఈ రెంటినీ కలిపి చూడకపోతే మరుగు సేవను గురించి బైబిలు చెప్పేది సగమే అర్థమవుతుంది.

పాత నిబంధనలో

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఐగుప్తు రాజు పేరు ఎక్కడా లేదు. అతణ్ణి పదవితోనే పిలిచి ఊరుకుంటుంది గ్రంథం. హెబ్రీ మగబిడ్డల్ని పుట్టీ పుట్టగానే చంపమన్న అతని ఆజ్ఞను పక్కనబెట్టిన ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం షిఫ్రా, పూయా అని రాసి ఉంచింది. రాజులు తమ పేర్లు రాళ్ళ మీద చెక్కించుకున్న దేశంలో, పురిటిగదిలో పనిచేసే ఆడవాళ్ళ పేర్లు ఒక జాతి పవిత్ర గ్రంథంలో నిలిచాయి.

సంఖ్యాకాండం నాలుగో అధ్యాయం పైకి సరంజామా జాబితాలాగే ఉంటుంది. అరణ్యంలో ప్రత్యక్షపు గుడారాన్ని విప్పి, మోసి, మళ్ళీ నిలబెట్టే పనిని లేవీ గోత్రంలోని మూడు వంశాలకు పంచిన వివరం అది. కహాతీయులు మందసాన్ని, బలిపీఠాల్ని మోయాలి. అయితే యాజకులు వాటికి ముసుగు కప్పేదాకా వాళ్ళు దగ్గరికి రాకూడదు. భుజం మీద ఉన్నది అందరికన్నా పవిత్రమైన వస్తువే, కళ్ళారా చూసే హక్కు మాత్రం మోసేవాడికి లేదు. తెరలు, కప్పులు గెర్షోనీయుల వంతు. పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్ళు మెరారీయుల వంతు. ఈ చివరివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గ్రంథం ఒక మాట ప్రత్యేకంగా చెబుతుంది: ఎవరు ఏది మోయాలో పేరు పేరునా అప్పగించాలట. మందసం మోసేవాళ్ళ లెక్క అందరూ చూస్తారు. మేకులు, తాళ్ళు మోసేవాళ్ళ లెక్క కూడా దేవుడి దగ్గర అంత పక్కాగా ఉందన్నది ఈ అధ్యాయం సారం.

దావీదు కాలంలో ఇదే సూత్రం చట్టమైంది. అమాలేకీయుల్ని తరుముకుంటూ వెళ్ళిన 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామానుతో ఆగిపోయారు. గెలిచి తిరిగొచ్చినవాళ్ళు కొందరు, ఆగినవాళ్ళకు సొమ్ములో పాలు లేదని పేచీ పెట్టారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి దిగినవాడికీ సామాను కాసినవాడికీ సమాన భాగమేనని కట్టడ చేశాడు.

యెరూషలేము గోడ తిరిగి కట్టినప్పుడు ఎవరు ఏ భాగం బాగుచేశారో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం వరుసగా చెబుతుంది. అందులో కంసాలులు ఉన్నారు, అత్తరు చేసేవాళ్ళు ఉన్నారు, షల్లూము అనే అధికారి కూతుళ్ళు ఉన్నారు. బేత్‌హక్కెరెము ప్రాంతపు అధిపతి మల్కీయాకు పడింది పెంట గుమ్మం. ఊరి చెత్త బయటికి పోయే దారి అది. అతను దాన్నే కట్టి, తలుపులు నిలిపి, గడియలు బిగించాడు. అదే జాబితాలో తెకోవ ఊరి పెద్దమనుషులు పనికి మెడ వంచలేదని కూడా రాసి ఉంది. పనిచేసినవాళ్ళను గుర్తుంచుకున్న గ్రంథం, పని తప్పించుకున్నవాళ్ళను కూడా వదల్లేదు.

వీటన్నిటిలోకీ నిలిచి చూడదగినది యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయం. ప్రవక్తను అధికారులు నీళ్ళు లేని బురద గోతిలో దించేశారు. రాజభవనంలో కొలువు చేసే ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు, అంటే పరాయి నల్లజాతివాడు, సిద్కియా రాజు దగ్గరికి వెళ్ళి ధైర్యంగా అడిగి, 30 మందిని వెంటబెట్టుకుని గోతి దగ్గరికి బయలుదేరాడు. తాళ్ళు వేసి లాగేస్తే పని అయిపోయేది. అతను అలా చేయలేదు. దారిలో ఖజానా కింది గదిలోకి వెళ్ళి, అక్కడ పడి ఉన్న చింకిపాతలు, చిరిగిన బట్టలు ఏరుకొచ్చాడు. వాటిని తాళ్ళతో గోతిలోకి దించి, చంకల కింద పెట్టుకుని ఆ పైన తాళ్ళు కట్టుకోమని యిర్మీయాకు చెప్పాడు. ప్రాణం కాపాడటం ఒక ఎత్తు. ఎముకల గూడైన మనిషి చంకలు తాడుకు ఒరుసుకుపోకుండా చూడటం ఇంకో ఎత్తు. బైబిలు మెచ్చే సేవ ఎలా ఉంటుందో ఒక్క చోట చూపించమంటే ఈ పాతగుడ్డల్నే చూపించాలి. తర్వాతి అధ్యాయంలో నగరం కూలే వేళ ఎబెద్మెలెకు ప్రాణానికి భయం లేదని యిర్మీయా ద్వారానే దేవుడు కబురు పంపుతాడు.

సువార్తల్లో

కొండమీది ప్రసంగంలో యేసు దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ మరుగున చేయమంటాడు (మత్తయి 6). వీధుల్లో బూర ఊదించుకుని దానం చేసేవాళ్ళకు జీతం అప్పుడే ముట్టిపోయిందని ఆయన తేల్చేశాడు. అదే ప్రసంగంలో కాస్త ముందు, మనుషులు మీ మంచి పనులు చూసేలా వెలుగు ప్రకాశించనివ్వమని కూడా ఉంది (మత్తయి 5:16). ఈ రెంటికీ పొంతన కుదరదని కొందరు అంటారు. చూసినవాళ్ళు ఎవర్ని పొగడాలన్నదే అక్కడి తేడా. పని కనబడవచ్చు, పొగడ్త మాత్రం తండ్రికి చేరాలి. పొగడ్త దారి మళ్ళి చేసినవాడి ఒళ్ళో పడుతుందనుకుంటే ఆ పని మరుగున చేయడమే మంచిది.

విధవరాలి రెండు కాసుల ఘట్టం (మార్కు 12, లూకా 21) అందరికీ తెలిసినదే. కానుకల కోసం దేవాలయంలో బూర ఆకారపు పెట్టెలు 13 ఉండేవని యూదుల మిష్నా చెబుతుంది. ధనవంతుల నాణేల చప్పుడు మధ్య ఆమె వేసిన రెండు చిన్న కాసుల విలువ ఒక దేనారంలో 64వ వంతు. దేనారం అంటే కూలివాడి ఒకరోజు కూలి. ఆమె తనను ఎవరో చూస్తున్నారని అనుకోలేదు, తనను గురించి మాట్లాడుకున్నారని ఆమెకు తెలిసినట్టు కూడా సువార్తలో లేదు. యేసు శిష్యుల్ని దగ్గరికి పిలిచి చూపించాడు. ఇక్కడే రెండో పాయ మొదలవుతుంది. ఆమె దాచుకుంది, చూసినవాడు మాత్రం చూడనట్టు పోలేదు.

కానా పెళ్ళి (యోహాను 2) ఈ కోణం నుంచి చదివేవాళ్ళు తక్కువ. రాతి బానలు ఆరింటిలో అంచుల దాకా నీళ్ళు నింపింది పనివాళ్ళు. ఒక్కో బానకు రెండు మూడు తూములు. కుళాయి లేని కాలం, తోడి మోయాలి. ద్రాక్షరసం రుచి చూసిన విందు పెద్దకు అది ఎక్కడిదో తెలియలేదు. పెళ్ళికొడుక్కి ప్రశంస దక్కింది. సంగతి తెలిసింది నీళ్ళు తోడిన పనివాళ్ళకేనని సువార్తికుడు పనిగట్టుకుని చెబుతాడు. యేసు చేసిన మొదటి సూచక క్రియను మొదట ఎరిగినవాళ్ళు బానలు మోసినవాళ్ళు.

ఆఖరి రాత్రి ఆయన నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు (యోహాను 13). ఆ రోజుల్లో అది దాసుల పని. హెబ్రీ దాసుడి చేత కూడా ఆ పని చేయించకూడదని ఒక పాత యూదు వ్యాఖ్యానం చెబుతుంది. దాన్నిబట్టి పేతురు ఎందుకు అంతగా అభ్యంతరపడ్డాడో ఊహించవచ్చు. అప్పటికి యూదా ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు, అతని పాదాలు కూడా ఆ నీళ్ళలో తడిశాయి.

లూకా సువార్తలో రెండు ఉపమానాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకదానిలో పొలం నుంచి వచ్చిన దాసుడు యజమానికి వడ్డించాకే తాను తినాలి, అందుకు ధన్యవాదాలు ఆశించకూడదు (17:7-10). చదవడానికి కఠినంగా ఉంటుంది. ఇంకోదానిలో, మేలుకొని ఉన్న దాసులను చూసిన యజమాని తానే నడుము కట్టుకుని వాళ్ళను కూర్చోబెట్టి వడ్డిస్తాడు (12:37). దాసుడు ఏమీ అడక్కూడదు, యజమాని ఏమీ మిగుల్చుకోకూడదు. మొదటి ఉపమానాన్ని మాత్రమే బోధించి రెండోదాన్ని వదిలేసిన చోటల్లా ఈ బోధ బానిసత్వానికి వంత పాడింది.

మత్తయి 25లోని తీర్పు ఘట్టంలో నీతిమంతులు ఆశ్చర్యపోతారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినట్టు, రోగిని పరామర్శించినట్టు, చెరసాలకు వెళ్ళినట్టు వాళ్ళ లెక్కలో లేదు. ఎడమచేతికి తెలియకపోవడమంటే ఇదే, చేసినవాడికే గుర్తు లేకపోవడం. బేతనియలో అత్తరు పోసిన స్త్రీ విషయంలో మాత్రం, సువార్త ప్రకటించే ప్రతిచోటా ఆమె చేసింది చెప్పాలని యేసు ఆదేశించాడు. ఆ మాట రాసిన మార్కు ఆమె పేరు రాయలేదు. ఆమెను మరియ అని చెప్పింది యోహాను ఒక్కడే. ఎలిసబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో ఆదిమ సంఘంలోని స్త్రీల గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథానికి పేరు ఈ ఘట్టం నుంచే పెట్టుకుంది.

ఆది సంఘంలో

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు పేతురు వచ్చేసరికి విధవరాండ్రు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు తీసి చూపించారు (అపొస్తలుల కార్యములు 9). సంతాప తీర్మానం లేదు, వక్తలు లేరు. కుట్టు కనబడేలా బట్టలు పట్టుకుని చూపించడమే ఆమె గురించి చెప్పిన సాక్ష్యం. దొర్కా ఒక్కసారైనా తన పని గురించి మాట్లాడినట్టు ఆ అధ్యాయంలో లేదు. మాట్లాడింది తొడుక్కున్నవాళ్ళు.

పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం క్రైస్తవ వేదాంతానికి మూలస్తంభాల్లో ఒకటి. దాని చివరి అధ్యాయం మాత్రం చాలామంది తిప్పేసే పేజీ, ఎందుకంటే అందులో ఉన్నవి పేర్లే. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే, ప్రయాసపడిన మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, ఇలా 20కి పైగా పేర్లు. రూఫు తల్లి తనకూ తల్లేనంటాడు పౌలు, ఆమె పేరు చెప్పడు. అంతలో మధ్యలో ఇంకో గొంతు వినబడుతుంది. ఉత్తరం రాస్తున్న తెర్తియు తన వందనాలు కూడా చేర్చాడు. పెద్ద పెద్ద వేదాంత వాక్యాలన్నీ ఎవరి చేతి మీదుగా కాగితమెక్కాయో ఆ ఒక్క మాట వల్లే తెలుస్తుంది. ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు చెరసాలలో పౌలుకు సేవ చేస్తూ చావుదాకా వెళ్ళాడు. అలాంటివాళ్ళను ఘనపరచండని పౌలు ఆ సంఘానికి స్పష్టంగా రాశాడు. సేవ చేసినవాడు దాచుకోవాలి, పొందినవాడు పేరు పెట్టి చెప్పాలి అన్న సూత్రానికి పౌలు ఉత్తరాలకన్నా మంచి నమూనా లేదు.

తర్వాతి శతాబ్దాల్లో

ఆరో శతాబ్దంలో బెనెడిక్టు మఠాలకు రాసిన నియమావళిలో వంటింటి పని అందరికీ వారం వారం వంతు. దిగిపోయేవాడు, ఎక్కేవాడు కలిసి అందరి పాదాలు కడగాలి. 1691లో మరణించిన బ్రదర్ లారెన్సు పారిస్‌లోని కార్మెలైటు మఠంలో వంటవాడిగా, తర్వాత చెప్పులు బాగుచేసేవాడిగా బతికాడు. గిన్నెల మధ్య దేవుడితో ఎలా గడపవచ్చో అతను చెప్పిన మాటల్ని, రాసిన ఉత్తరాల్ని అతని మరణం తర్వాత ఇతరులు అచ్చు వేయించారు. లోకానికి అతను తెలిసింది అలాగే.

తెలుగు నేలపై

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1836లో మొదలై, 1840లో నెల్లూరు చేరింది. పదిహేనేళ్ళు గడిచినా ఫలితం అంతంత మాత్రమే. 1853లో అమెరికాలో పెద్దలు సమావేశమై మిషనును మూసేయాలా వద్దా అని చర్చించారు. ఆ తర్వాత 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. జ్యువెట్ జీవితం గురించి చదవడానికి కావలసినంత ఉంది. ఆయన నెల్లూరును వదలకుండా నిలబడ్డ తీరు, తెలుగు బైబిలు సవరణలో ఆయన పాత్ర అన్నీ రాసి ఉన్నాయి. జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు మాత్రం మన ప్రసంగాల్లో ఇంటిపేరు లేకుండా, ఊరు లేకుండా వచ్చి పోతారు. ఐదుగురిలో ఇద్దరు వాళ్ళే అయినా కొండ కథ చెప్పేటప్పుడు వాళ్ళ దగ్గర ఎవరూ ఆగరు.

ఎర్రగుంట్ల పేరయ్య విషయంలో కొంత మేలు జరిగింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఈ మాదిగ పెద్ద తోళ్ళ పని చేసేవాడు, యోగమార్గంలో గురువు కూడా. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో అతనూ భార్య నాగమ్మా ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. అదే సంవత్సరం మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడులో బాప్తిస్మం పొందిన 28 మంది, మిషనరీ గుర్రం దిగకముందే పేరయ్య ఇంటింటా చెప్పి సిద్ధం చేసినవాళ్ళు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ తరం మాదిగ విశ్వాసుల కథలు సేకరించి 1899లో పుస్తకంగా వేసింది. ఆమె అడిగి రాయకపోతే పేరయ్య కూడా జూలియా, రూతుల సరసనే చేరేవాడు.

1876-78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఉపదేశులను పనిమీద మేస్త్రీలుగా పెట్టాడు. మట్టి తట్టలు దించి కూలీలు సేద తీరే వేళ ఉపదేశులు వాళ్ళ మధ్యే కూర్చునేవారు. కరవు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె ప్రపంచమంతా మోగింది, దాంతో క్లౌ పేరూ మోగింది. ఆ రోజు నీళ్ళలో దిగింది క్లౌ కాదు. ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ ఆరుగురు తెలుగు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు.

బైబిలు స్త్రీల పని ఇంతకన్నా కనబడనిది. ఘోషాలో ఉన్న ఇళ్ళలోకి దొరలు వెళ్ళలేరు, దొరసానులకు భాష అంతంత మాత్రం. ఇంటింటికీ నడిచి, వసారాలో చాప మీద కూర్చుని, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పి, సువార్త చదివి వినిపించినవాళ్ళు ఈ తెలుగు స్త్రీలే. వీరిలో విధవలు చాలామంది. జీతం తక్కువ, ఎండ ఎక్కువ, వీధిలో ఎగతాళి సరేసరి. మిషను నివేదికల్లో వీళ్ళు ఎక్కువగా సంఖ్యలుగా కనబడతారు: ఇన్ని ఊళ్ళు, ఇన్ని ఇళ్ళు, ఇందరు బైబిలు స్త్రీలు. తెలుగు ఆడవాళ్ళ చదువు చరిత్ర రాసేవాళ్ళు కూడా ఈ చాప మీద బడుల దగ్గర ఆగడం తక్కువ.

తెలుగు బైబిలు తయారీలోనూ ఇదే తీరు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ అనువాదానికి పూనుకున్నప్పుడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వెన్నుదన్నుగా నిలిచాడు. అతని పేరైనా మిగిలింది. అనువాదకుల పక్కన కూర్చుని వాక్యం వాక్యం దిద్దిన మునిషీల్లో ఎందరికో ఆ పాటి కూడా దక్కలేదు. తెర్తియుకు ఒక్క వాక్యం చోటిచ్చిన గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాళ్ళ సంగతి ఇది.

వైద్యంలో, గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచి 1930లో మరణించేదాకా అక్కడే పనిచేసింది. నిజాం రాజ్యంలో డిచ్‌పల్లి దగ్గర డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. నర్స గౌడ్ అనే దాత లక్ష రూపాయలు ఇచ్చాడు. స్థాపకుల పేర్లు పలకల మీద ఉన్నాయి, ఉండాలి కూడా. పుండ్లు కడిగి కట్లు కట్టిన చేతులు వేరేవాళ్ళవి. మెదక్‌లో 1914లో పని మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన కేథడ్రల్‌కు మిషనరీ చార్లెస్ పోస్నెట్ పేరు విడదీయరానిది. కరవులో తిండి కోసం రాళ్ళు మోసిన కూలీల చెమట కూడా దాని గోడల్లో ఉంది.

దోర్నకల్ వేదనాయగం అజరయ్య సంగతి కొంచెం వేరు. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు అయిన ఆయన, తన మండలం నిలిచింది పల్లె ఉపదేశుల మీద, వాళ్ళ భార్యల మీద అని ఎరిగినవాడు. ఆయన ప్రోత్సహించిన కానుకల్లో పిడికెడు బియ్యం ఒకటి. పొయ్యి మీద ఎసరు పెట్టాక, ఇంటి ఇల్లాలు కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. పూట పూటకూ ఇదే. ఆదివారం ఆ కుండ గుడికి చేరుతుంది. ఇంట్లో తినేవాళ్ళకు ఆ పిడికెడు తగ్గిన సంగతి తెలియదు. కూలి డబ్బు చేతికి రాని ఆడవాళ్ళు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది. రసీదు ఉండదు, దాతల పట్టికలో పేరు పడదు. యెరూషలేము విధవరాలి కాసులకు తెలుగు నేలపై ఇంతకన్నా సాటి వచ్చేది లేదు.

విమర్శ: సేవా, వెట్టీ

ఈ బోధ మీద గట్టి విమర్శ ఉంది, అది న్యాయమైనది. తెలుగు ప్రొటెస్టంటు సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కులాల నుంచి వచ్చినవారు. తరతరాలుగా ఊరికి వెట్టి చేసినవారు. అలాంటివాళ్ళకు అణిగిమణిగి ఉండటమే భక్తి అని బోధిస్తే పాత సంకెళ్ళకు కొత్త పూత పూసినట్టే. 1980ల నుంచి అరవింద్ నిర్మల్ తదితరులు రూపుదిద్దిన దళిత వేదాంతం ఈ ప్రశ్నను సూటిగా వేసింది. వాళ్ళ జవాబు కూడా ఆలోచించదగినది. బైబిలులో సేవకుడి రూపం ధరించింది దేవుడే కాబట్టి, తక్కువ పని అని లోకం చిన్నచూపు చూసిన పనికి ఆయన గౌరవం తెచ్చాడు. ఆ పనిని ఒకే కులం నెత్తిన రుద్దడానికి ఆ వాక్యాలను వాడుకోవడం వాక్యద్రోహం.

పాదాలు కడిగిన ఘట్టమే దీనికి గీటురాయి. తువాలు కట్టుకున్నది గదిలో అందరికన్నా పెద్దవాడు, తన ఇష్టంతో. వెట్టిలో ఆ ఇష్టమే ఉండదు. గుడిలో ఊడ్చేది ఎప్పుడూ ఒకే ఇంటివాళ్ళు, బల్ల దగ్గర నిలబడేది ఎప్పుడూ ఇంకో ఇంటివాళ్ళు అయితే అక్కడ జరుగుతున్నది పరిచర్య కాదు. ఆడవాళ్ళ విషయంలోనూ అంతే. పండగ భోజనాలకు తెల్లవార్లూ వంట చేసిన స్త్రీల సమాజానికి సంఘ పెద్దల ఎన్నికల్లో చోటు లేకపోతే, దొర్కా పేరు ఎత్తే హక్కు ఆ సంఘానికి ఉండదు.

వలస నగరాల్లో

ఈ బోధ కొత్త వలస ఊళ్ళకూ వర్తిస్తుంది. ఢిల్లీ దగ్గరి గ్రేటర్ నోయిడా అలాంటిదే, 1991 జనవరి 28న ఏర్పడిన అభివృద్ధి సంస్థ గీసిన పటం ప్రకారం పెరిగిన ఊరు. చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఢిల్లీ చుట్టుపక్కలకు వచ్చిన తెలుగువాళ్ళకు ఇక్కడ తాతల నాటి గుడి లేదు, ఊరి ఉపదేశి లేడు, వీధి చివర మేనత్త లేదు. హాస్టలు గదిలో జ్వరంతో పడుకున్న పిల్లవాడికి గంజి కాచి తీసుకెళ్ళేది ఎవరు, రాత్రి రైలు దిగిన కుటుంబాన్ని ఇంటికి చేర్చేది ఎవరు అన్నదే ఇలాంటి ఊళ్ళో పరిచర్య ముందున్న ప్రశ్న. పాత ఊళ్ళలో ఈ పనులు చేసినవాళ్ళు నలుగురి కళ్ళముందు బతికారు కాబట్టి చనిపోయాకైనా ఎవరో ఒకరు తలుచుకున్నారు. ఇరవై అంతస్తుల మేడల్లో, ఏడాదికోసారి ఇల్లు మారే బతుకుల్లో ఆ పాటి జ్ఞాపకం కూడా నిలవదు. మెట్లు తుడిచే మనిషి, రాత్రి కాపలా ఉండే మనిషి పేరు ఎదుటి ఫ్లాటువాళ్ళకే తెలియదు.

తెలుగు సంఘాల చరిత్ర ఇప్పటికీ చాలావరకు బిషపుల, మిషనరీల, కట్టడాల చరిత్రగానే ఉంది. బాప్తిస్మ రిజిస్టర్లు, జీతాల పుస్తకాలు, స్త్రీల సమాజాల మినిట్స్ బీరువాల్లో చెదలు పడుతున్నాయి. బైబిలు స్త్రీల పేర్లు, ఉపదేశుల భార్యల పేర్లు ఇంకా దొరికే చోట్లు అవే. మీ నాయనమ్మో అమ్మమ్మో బైబిలు స్త్రీగా నడిచి ఉంటే, ఆమె పేరు, ఇంటిపేరు, తిరిగిన ఊళ్ళు, చదువు చెప్పిన ఇళ్ళు ఒక కాగితం మీద రాయండి. తెలిసిన పెద్దవాళ్ళు బతికి ఉండగానే అడిగి రాయండి. ఒక ప్రతి మీ సంఘానికి, ఒక ప్రతి దగ్గరలోని వేదాంత కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.